కడుపులో పిల్లిమొగ్గ

*నెలలు నిండుతున్నా బిడ్డ తల పైనే ఉందంటే ఇక పెద్దాపరేషనే అన్న మాట ఇంటింటా స్థిరపడిపోయింది. కత్తి అవసరం పడకముందే, కడుపు మీద చేతులుంచి బిడ్డను తిప్పి చూసే పద్ధతి ఒకటుంది. దాన్ని గర్భిణికి చెప్పాలి, ఎంచుకునే అవకాశం ఆమెకే ఇవ్వాలి.*

వరంగల్ కొత్తవాడలో పొద్దు నడినెత్తికి వచ్చింది. ముందు గదిలో మగ్గం ఆగింది. సగం నేసిన జంపఖానా మీద ఎర్ర చారలు, నీలం చారలు అట్లనే ఉన్నాయి. తొలి కాన్పుకని తల్లిగారింటికి వచ్చిన అమ్మాయి స్కానింగ్ చేయించుకుని అప్పుడే ఆటో దిగింది. ఇంట్లోవాళ్లంతా ఆమె చేతిలోని కాగితం వైపే చూస్తున్నారు.

"ఏమన్నరు బిడ్డా?"

"అంతా మంచిగనే ఉన్నదన్నరమ్మా. గుండె మంచిగ కొట్టుకుంటున్నదట. ఉమ్మనీరు కూడా సరిపోను ఉన్నదట. తల మాత్రం ఇంకా మీదికే ఉన్నదట."

కాగితం మీది ఇంగ్లీషు అక్షరాలను పక్కింటి నర్సింగ్ చదివే పిల్ల కూడబలుక్కుని చెప్పింది. "బ్రీచ్ అని రాసిన్రు పెద్దమ్మా. అంటే ఎదురుకాళ్లు." అమ్మాయి తల్లి గడప మీద కూలబడింది. "అయితే పెద్దాపరేషనే." తండ్రి లేచి గోడకున్న క్యాలెండర్ దగ్గరికి నడిచాడు. కోయక తప్పనప్పుడు మంచి రోజైనా చూసుకోవాలి కదా అని ఆయన తాపత్రయం. మూలన మంచం మీద కూర్చున్న అమ్మమ్మ తనలో తానే అంటోంది: "మా కాలంల మంత్రసాని ఆముదం రాసి సర్దేది." ఆమె మాట ఎవరూ చెవిన పెట్టలేదు. కాగితం తెచ్చిన అమ్మాయిని 'నీకేమనిపిస్తున్నది' అని కూడా ఎవరూ అడగలేదు.

ఈ అమ్మాయి ఫలానా వాళ్ల బిడ్డ అని చెప్పడానికి లేదు. ఇది ఒక ఇంటి కథ కాదు, కొత్తవాడలో గానీ మట్టెవాడలో గానీ ఏ గల్లీలోనైనా జరిగేదే. స్కానింగ్ కాగితానికీ ఆపరేషన్ తేదీకీ నడుమ రెండు మూడు వారాలుంటాయి. ఆ వారాల్లో చేయగలిగిన పని ఒకటుంది. తర్ఫీదు పొందిన డాక్టరు పొట్ట మీద నుంచే బిడ్డను మెల్లగా తిప్పి తల కిందికి తెస్తారు. వైద్యంలో దీన్ని ఎక్స్‌టర్నల్ సెఫాలిక్ వెర్షన్ అంటారు. డాక్టర్లు పొట్టిగా ఈసీవీ అంటారు. బిడ్డ వేసేది మాత్రం అచ్చంగా పిల్లిమొగ్గే.

తల ముందు రావడమే ఎందుకు?

ఏడో నెలలో, అంటే 28 వారాలప్పుడు, ప్రతి నలుగురైదుగురు గర్భిణుల్లో ఒకరి కడుపులో బిడ్డ తల పైకే ఉంటుంది. అప్పటికి లోపల చోటు ఎక్కువ, బిడ్డ చిన్నది. ఈదుతూ ఎటైనా తిరుగుతుంది. కాబట్టి ఏడో నెల స్కానింగ్‌లో బ్రీచ్ అని కనిపిస్తే దిగులు పడాల్సిందేమీ లేదు. నెలలు నిండేసరికి చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే తల కిందికి తిప్పుకుంటారు. చివరికి నూటికి ముగ్గురు నలుగురే అలాగే మిగిలిపోతారు.

మిగిలినవాళ్లలో కొందరు కాళ్లు రెండూ నిటారుగా పైకి చాపి, పాదాలు మొహం దగ్గర పెట్టుకుని ఉంటారు. కొందరు బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టుంటారు. అరుదుగా ఒక పాదం అన్నిటికన్నా కిందికి దిగి ఉంటుంది. బిడ్డ ఒంట్లో తలే పెద్దది, గట్టిది. అది ముందు వస్తే దారి చేసుకుంటుంది, వెనకనున్న ఒళ్లు సులువుగా జారి వస్తుంది. పిరుదులో కాళ్లో ముందు వస్తే తల చివరికి మిగులుతుంది. అప్పటికే బొడ్డుతాడు ఒత్తిడిలో నలుగుతుంటుంది, సమయం ఉండదు. ఎదురుకాళ్ల కాన్పంటే పాతకాలం వాళ్లు కూడా భయపడింది అందుకే.

బిడ్డ ఎందుకు తిరగలేదు? ఉమ్మనీరు మరీ తక్కువున్నా మరీ ఎక్కువున్నా, మాయ కిందికి ఉన్నా, గర్భసంచి లోపల గోడ అడ్డమున్నా, గడ్డలున్నా, కవలలైనా తిరగకపోవచ్చు. చాలామందిలో మాత్రం వెతికినా ఏ కారణమూ దొరకదు. గ్రహణం నాడు బయటికి రావడం, బొప్పాయి ముక్క తినడం, కుడివైపు తిరిగి పడుకోవడం, ఇవేవీ కారణాలు కావు. ఈ సంగతి అత్తలకూ ఆడబిడ్డలకూ గట్టిగానే చెప్పాలి. బిడ్డ తిరగని నెపం తల్లి మీద వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఆ కొద్ది నిమిషాల్లో ఏం జరుగుతుంది?

తొలి కాన్పయితే 36 వారాల తర్వాత, అంతకుముందు కన్న తల్లయితే 37 వారాలకు చేస్తారు. మరీ ముందే తిప్పితే బిడ్డ మళ్లీ మొదటికొచ్చే అవకాశం ఎక్కువ. పైగా ఏదైనా తేడా వచ్చి కాన్పు చేయాల్సి వస్తే నెలలు తక్కువ బిడ్డ అవుతుంది.

మూత్రం పోసి వచ్చాక మంచం మీద పడుకోబెడతారు. స్కానింగ్‌లో తల ఎక్కడుంది, వీపు ఎటుంది, మాయ ఎక్కడ అంటుకుని ఉంది అని చూస్తారు. బిడ్డ గుండె లయను యంత్రం మీద కొంతసేపు గమనిస్తారు. గర్భసంచి బిగుసుకోకుండా ఒక ఇంజక్షన్ ఇస్తారు. సాధారణంగా అది టెర్బుటలైన్. ఉబ్బసం వాళ్లకు ఊపిరి గొట్టాలు వదులు చేయడానికి వాడే మందే ఇక్కడ గర్భసంచి కండరాన్ని వదులు చేస్తుంది. తల్లికి కాసేపు గుండె దడదడలాడినట్టు, చేతులు వణికినట్టు అనిపించవచ్చు. కాసేపటికి తగ్గిపోతుంది.

తర్వాత పని చేతులదే. పొట్ట మీద జెల్ రాసి, డాక్టరు ఒక చేత్తో బిడ్డ పిరుదులను కటి ఎముకల నడుమ నుంచి మెల్లగా పైకెత్తి పక్కకు తెస్తారు. రెండో చేయి తలను పట్టి కిందికి నడిపిస్తుంది. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనించి ముందుకు దొర్లుతుంది. అటు దొర్లకపోతే వెనక్కి దొర్లించి చూస్తారు. మధ్యమధ్యలో ఆగి గుండె చప్పుడు చూస్తుంటారు. తిప్పే పని కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ముందూ వెనకా చేసే పరీక్షలకే ఎక్కువసేపు పడుతుంది.

నొప్పి ఉంటుందా? ఉంటుంది. కొందరికి గట్టిగా నొక్కినట్టుంటుంది, కొందరికి ఓర్చుకోలేనంత ఉంటుంది. 'ఆపండి' అని తల్లి అనగానే చేతులు తీసేయాలి. మంచి డాక్టరు ఈ మాట ముందే చెబుతారు, ఆ హక్కు తల్లిదేనని కూడా చెబుతారు.

సగటున చూస్తే సగం మందిలో బిడ్డ తిరుగుతుంది. బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్కలో తొలి కాన్పువాళ్లకు నూటికి 40 మంది, అంతకుముందు కన్నవాళ్లకు నూటికి 60 మంది. తిరిగిన పిల్లల్లో మళ్లీ తల పైకి పెట్టేవాళ్లు నూటికి అయిదుగురి లోపే. ప్రమాదం లేకపోలేదు. తిప్పుతున్నప్పుడు బిడ్డ గుండె వేగం కాసేపు తగ్గడం మామూలే, చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అరుదుగా మాయ విడిపోవచ్చు. రెండు వందల మందిలో ఒకరికి అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అందుకే ఆపరేషన్ థియేటర్ దగ్గర్లో లేని చోట ఈ పని చేయనే కూడదు.

[బాక్సు] వీళ్లకు వద్దు

మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్నవాళ్లకు, ఈమధ్యే రక్తస్రావమైనవాళ్లకు, ఉమ్మనీరు పోయినవాళ్లకు, బిడ్డ గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు చేయరు. కవలలను మోస్తున్నవాళ్లకూ, మరేదైనా కారణంతో ఎలాగూ ఆపరేషన్ తప్పనివాళ్లకూ చేయరు. ఉమ్మనీరు బాగా తక్కువున్నా, బీపీ ఎక్కువున్నా, గర్భసంచి ఆకారంలో తేడా ఉన్నా డాక్టరు వెనకాడతారు. ఒకసారి ఆపరేషన్ అయినంత మాత్రాన పూర్తిగా కుదరదని కాదు, ఆచితూచి నిర్ణయిస్తారు. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే తిప్పిన తర్వాత యాంటీ-డి ఇంజక్షన్ ఇవ్వాలి.

సుశ్రుతుడి నుంచి పినార్ దాకా

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. సుశ్రుత సంహితలో అడ్డం తిరిగిన గర్భాల గురించి ప్రత్యేకంగా అధ్యాయాలే ఉన్నాయి. తలుపు గడియలా అడ్డంగా పడ్డ బిడ్డకు 'పరిఘ' అని పేరు కూడా పెట్టారు. పిరుదులు ముందొచ్చినప్పుడు వాటిని పైకి నెట్టి కాళ్లు చాపి బయటికి తీయాలని చెప్పారు. అదంతా నొప్పులు మొదలయ్యాక లోపల చేయి పెట్టి చేసే సాహసం, తల్లికీ బిడ్డకూ గండమే. నొప్పులు రాకముందే పొట్ట పైనుంచి తిప్పడం అంతకన్నా ఎంతో సున్నితమైన పని.

ఆధునిక వైద్యంలో ఈ పద్ధతిని వివరంగా రాసిపెట్టింది జర్మనీలోని హాంబర్గ్‌లో పనిచేసిన వీగాండ్ అనే వైద్యుడు, 1807లో. ఆ శతాబ్దం చివర్లో పారిస్‌లో అడాల్ఫ్ పినార్ దాన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. పొట్ట మీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న బాకాలాంటి గొట్టం ఉంటుంది చూడండి, దానికున్నది ఆయన పేరే. నడుమ కొంతకాలం ఈ పద్ధతి వెనకపడింది. మందుల్లేకుండా, స్కానింగ్ లేకుండా, నెలలు నిండకముందే బలవంతంగా తిప్పడంతో నష్టాలు కనిపించాయి. గర్భసంచిని వదులు చేసే ఇంజక్షన్లు, స్కానింగ్ యంత్రాలు వచ్చాక 1980ల నుంచి మళ్లీ నిలదొక్కుకుంది.

ఇక అమ్మమ్మ చెప్పిన మంత్రసాని. ఆమె వేళ్లకు తల ఎటుందో, వీపు ఎటుందో తెలిసేది. ఆ నైపుణ్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ మాయ ఎక్కడుందో వేళ్లతో తెలియదు. బిడ్డ గుండె నీరసిస్తే అప్పటికప్పుడు ఆదుకునే సాధనమూ ఆమె దగ్గర లేదు. కాబట్టి ఇవాళ ఎవరైనా సరే ఇంట్లో నూనె రాసి బిడ్డను సర్దుతామంటే ఒప్పుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

ఒక్క పరిశోధనతో మారిన అలవాటు

మన పెద్దవాళ్లలో ఎదురుకాళ్లతో మామూలు కాన్పులోనే పుట్టినవాళ్లు కనిపిస్తారు. ఇప్పుడు అలాంటి కాన్పులు దాదాపు ఎందుకు లేవు? 2000లో 'లాన్సెట్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. కెనడాకు చెందిన మేరీ హన్నా బృందం 26 దేశాల్లోని 121 ఆసుపత్రుల్లో, 2088 మంది బ్రీచ్ గర్భిణుల మీద చేసింది. ముందే అనుకుని ఆపరేషన్ చేసిన వర్గంలో బిడ్డకు ప్రాణాపాయమో తీవ్ర సమస్యో ఏర్పడింది నూటికి 1.6 మందికి. మామూలు కాన్పుకు సిద్ధపడిన వర్గంలో నూటికి 5 మందికి. ఆ లెక్క చూశాక ప్రపంచమంతటా డాక్టర్లు బ్రీచ్ కాన్పులు చేయడం మానుకుంటూ వచ్చారు. ఆ పరిశోధన జరిగిన తీరు మీద తర్వాత విమర్శలొచ్చాయి. రెండేళ్ల వయసులో ఆ పిల్లలను మళ్లీ చూస్తే రెండు వర్గాల నడుమ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ అప్పటికే చేతులు ఆ పని మర్చిపోయాయి. చూసి నేర్చుకోవడానికి కొత్త డాక్టర్లకు కాన్పులే లేకుండా పోయాయి.

నా దృష్టిలో ఈసీవీ విలువ పెరిగింది సరిగ్గా ఇక్కడే. బ్రీచ్‌గా ఉండగా మామూలు కాన్పు చేయగల చేతులు అరుదైపోయాయి కాబట్టి, ఆపరేషన్ తప్పించుకోవాలంటే తల్లికి మిగిలిన ప్రధాన దారి ముందే తిప్పించుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రసూతి మార్గదర్శకాల్లో 37 వారాలు దాటిన బ్రీచ్‌కు ఈ ప్రయత్నం చేయమనే చెబుతోంది. దక్షిణాఫ్రికాకు చెందిన జస్టస్ హాఫ్‌మెయర్ తదితరులు అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, ఈ ప్రయత్నం జరిగిన తల్లుల్లో ఆపరేషన్లు నూటికి నలభైకి పైగా తగ్గాయని తేలింది.

60.7

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. అంతకుముందు 2015-16 సర్వేలోనూ మన రాష్ట్రం 57.7తో ముందే ఉంది. చర్చలన్నీ ఈ అంకెల చుట్టూ తిరుగుతుంటాయి. డబ్బు యావ అని ఒకరు, ముహూర్తాల పిచ్చి అని ఒకరు, నొప్పులు ఓర్చుకోలేని అమ్మాయిలని ఇంకొకరు. ఆ చివరి మాట అనేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్రీచ్ అయ్యేది నూటికి ముగ్గురు నలుగురికే. వాళ్లందరికీ ఈసీవీ ప్రయత్నించినా 60.7 అనే అంకె పెద్దగా కదలదు. అయినా దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఆ అంకెలో ఒకరయ్యే అమ్మాయి. తొలి కాన్పు ఆపరేషన్ అయితే మన దగ్గర రెండోదీ ఆపరేషన్ అవడమే ఎక్కువ. కోత మీద కోత పడేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టు మీద అతుక్కుని ఊడిరాని ప్రమాదం పెరుగుతుంది. అది తల్లి ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క కాన్పులో తప్పిన కోత రాబోయే కాన్పుల్నీ కాపాడుతుంది.

కొత్తవాడలాంటి చోట ఇంకో లెక్క కూడా ఉంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు వెనక కండెలు చుట్టే చేతులు, నూలు సర్దే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. కుట్లు పడ్డ కడుపుతో వంగడం, లేవడం, బరువెత్తడం వారాల తరబడి కుదరదు. మామూలు కాన్పయిన తల్లి అంతకన్నా చాలా ముందే తన పని తాను చేసుకుంటుంది. నేసేవాళ్ల ఇంట్లో ఒక మనిషి పని ఆగితే ఆ నెల ఎలా గడుస్తుందో ఆ ఇంటివాళ్లకు తెలుసు.

[బాక్సు] నడుము తొక్కే పాదాలు

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల కోసం వెతుకుతారు మన ఊళ్లల్లో. వాళ్లు నడుము మీద కాలితో తాకితే పట్టు వదులుతుందని నమ్మకం. రోజంతా వంగి పనిచేసేవాళ్లున్న వాడల్లో ఇలాంటివాళ్లకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. వైద్యపరంగా దీనికి ఆధారమేమీ లేదు. ఒకప్పుడు ఎదురుకాళ్లతో పుట్టి బతికి బట్టకట్టడమే ఒక అద్భుతం. ఆ గండం గడిచిన బిడ్డ పాదాల్లో ఏదో మహిమ ఉందని జనం నమ్మి ఉంటారనిపిస్తుంది.

ముప్పై ఆరో వారంలో

తల ఎటుందో తెలుసుకోవడానికి ప్రతిసారీ స్కానింగే అక్కర్లేదు. తర్ఫీదు ఉన్న నర్సు పొట్ట తడిమి చెప్పగలదు. గుండ్రంగా గట్టిగా తగిలి, అటూఇటూ కదిపితే ఊగేది తల. మెత్తగా తగిలేవి పిరుదులు. అనుమానమొస్తే స్కానింగ్‌లో నిర్ధారణ చేసుకుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టింది. ఆ చేతులు ప్రతి బస్తీకీ చేరాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చేసే పరీక్షలున్నాయి. 36వ వారం దాటబోయే తల్లి ఆ రోజు వెళ్లి 'మా బిడ్డ తల కిందికి వచ్చిందా?' అని అడగాలి.

రాలేదంటే రెండో ప్రశ్న: 'తిప్పి చూడటానికి నాకు వీలవుతుందా? ఇక్కడ చేస్తారా, చేయకపోతే ఎక్కడికి పంపుతారు?' ఈ ప్రశ్నకు డాక్టరు నొచ్చుకోరు. వీలు కాదంటే కారణం చెబుతారు. వరంగల్‌లో సీకేఎం ప్రసూతి ఆసుపత్రి ఉంది, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. 1959 నుంచి డాక్టర్లను తయారు చేస్తున్న కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. పీజీ విద్యార్థులు కోయడం నేర్చుకున్నంత శ్రద్ధగా తిప్పడమూ నేర్చుకోవాలి. ఇది ఖరీదైన యంత్రాలు కొంటే వచ్చే విద్య కాదు. పెద్ద డాక్టరు చేతుల పక్కన చిన్న డాక్టరు చేతులు పెట్టి నేర్చుకునే విద్య. వారంలో ఒక పూట, ఒక గది, ఒక స్కానింగ్ యంత్రం, పక్కన థియేటర్ ఉంటే చాలు.

ఇంట్లో మోకాళ్ల మీద వంగి ఉండటం, పక్కకు తిరిగి పడుకోవడం లాంటివి ప్రయత్నించవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. వాటితో బిడ్డ తిరుగుతుందనడానికి సరైన రుజువు లేదు. వాటిని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే విలువైన వారాలు పోతాయి.

[బాక్సు] తుంటి చూపించండి

చివరి నెలల్లో బ్రీచ్‌గా ఉన్న పిల్లలకు తుంటి కీలు సరిగా కుదురుకోని సమస్య మిగతా పిల్లలకన్నా ఎక్కువ. ఆపరేషన్‌తో పుట్టినా, తిప్పాక తలతోనే పుట్టినా ఇది వర్తిస్తుంది. పుట్టగానే పిల్లల డాక్టరుతో తుంటి పరీక్ష చేయించి, ఆరు వారాలప్పుడు స్కానింగ్ అవసరమా అని అడగండి. పొత్తిళ్లలో కాళ్లు నిటారుగా బిగించి చుట్టకండి, మోకాళ్లు మడిచి కదిలించుకునే వీలుంచండి. మెడ నిలబడ్డాక మన అమ్మలు చంకనెత్తుకునే తీరు తుంటికి మంచిదే.

తిరగకపోతే

సగం మందికి తిరగదు. ఆ మాట ముందే తెలిసి ఉంటే తల్లి కుంగిపోదు. తిరగని బిడ్డకు ఆపరేషన్ చేయించుకోవడం ఓటమి కాదు, ఇలాంటి చోట ఆపరేషన్ ప్రాణదాతే. చాలా చోట్ల 39 వారాల ప్రాంతంలో తేదీ పెడతారు. క్యాలెండర్‌లో తిథి చూసి ఆ తేదీని వారం రెండు వారాలు ముందుకు జరపమని డాక్టరు మీద ఒత్తిడి తేకండి. కడుపులో గడిపే ఆ చివరి రోజుల్లోనే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. తేదీకి ముందే నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కాళ్లు కిందికి ఉన్నప్పుడు బొడ్డుతాడు జారే ప్రమాదం ఎక్కువ.

ఆపరేషన్ నాటి పొద్దున ఇంకో మాట అడగండి: 'థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు ఒక్కసారి స్కానింగ్‌లో చూస్తారా?' చేతులతో తిప్పినప్పుడు మొండికేసిన పిల్లల్లో కొద్దిమంది తర్వాత ఎప్పుడో రాత్రివేళ వాళ్లంతట వాళ్లే తిరిగిపోతారు. అలాంటప్పుడు ఆ తల్లిని ఇంటికి పంపి, నొప్పులు వచ్చేదాకా ఆగొచ్చు.